కయ్యు, చెయ్యి, చేవ్రాలు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి ఒడ్డు నుంచి బాగా లోపలికి ఉన్న ఒక గూడెం బడిలో మూడో తరగతి పిల్లలకు శరీర భాగాలు చెబుతున్నాను. గోడమీద చార్టు వేలాడుతోంది. కన్ను, ముక్కు, చెవి అయిపోయాయి. బొమ్మలోని చేతిమీద పుల్ల ఆనించి "ఇదేంటి?" అని అడిగాను. ముందు వరసలో ఉన్న పిల్లవాడు గట్టిగా "కయ్యు" అన్నాడు. అంతకుముందు హాస్టల్లో చదివి వచ్చిన ఇద్దరు పిల్లలు వెనక నుంచి కిసుక్కున నవ్వారు. నేను "కయ్యు కాదు, చెయ్యి. బడిలో సరిగ్గా మాట్లాడాలి" అన్నాను. వాడు రెండు చేతులూ నిక్కరు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ ఏడాదంతా అడిగితే తప్ప నోరు విప్పలేదు.

నేనూ కోయవాణ్ణే. అన్నానికి పిలిచేటప్పుడు మా అమ్మ కడుక్కోమన్నది కయ్యునే. పిల్లవాడి ఇంటిభాష మీదుగా బడిభాషకు తీసుకుపోవాలని ఉపాధ్యాయ శిక్షణలో చెప్పారు, పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తరగతి గదిలోకి వచ్చాక మాత్రం నాకు చదువు చెప్పిన పంతుళ్ల గొంతే నా నోట్లోంచి వచ్చింది. ఆ పిల్లవాడు అన్న మాటలోని మొదటి అక్షరం నేను సరిదిద్దిన మాటలోని అక్షరం కంటే పాతదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ తెలిసిన సంగతీ, దాని వెంట పోతే కనిపించిన మన చరిత్రా ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు మాట సంగతి. మా కోయలో చేతిని కయ్యు అంటాం, కొన్ని ఊళ్లలో కై అంటారు. ఆదిలాబాద్ గోండుల్లో కై. కొలాంలు కెయ్ అంటారు. అరకు వైపు కొండదొరల భాషలో కియు, కువి మాట్లాడే కోదుల్లో కేయు. తమిళం, మలయాళం, కన్నడం మూడింటిలోనూ కై. ఇన్ని భాషల్లో ‘క’తో మొదలయ్యే మాట తెలుగులో ఒక్కచోట ‘చ’తో మొదలవుతుంది. మూల ద్రావిడంలో ఉన్న ‘క’ అనే ధ్వని, పక్కన ఇ, ఎ వంటి అచ్చు ఉన్నప్పుడు తెలుగులో ‘చ’గా మారిందని భాషావేత్తలు నిరూపించారు. చెవి చూడండి: కన్నడంలో కివి, కొలామీలో కెవ్. చేను చూడండి: పాత కన్నడంలో కెయ్. ‘చేయడం’ అన్న క్రియ కూడా అంతే. గోండిలో అది కియానా.

అంటే మన భాషలు తెలుగు చెడిపోతే పుట్టినవి కావు. తెలుగుకు తోడబుట్టినవి. ఈ ఒక్క విషయంలో తెలుగు మారింది, మనవి మారలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వంటి పెద్ద పండితుడు కొండదొరల మధ్యకు వెళ్లి వారి భాషకు వ్యాకరణం రాశారు. 1969లో అచ్చయిన పుస్తకం అది. ద్రావిడ భాషల పాత రూపం తెలుసుకోవాలంటే రాతలేని భాషలు కూడా వినాలన్నది వారి తరం పండితులకు బాగా తెలుసు. మన బళ్లకే ఆ కబురు ఆలస్యంగా వచ్చింది. అన్ని ఆదివాసీ భాషలూ ఈ కుటుంబానివే అని మాత్రం అనుకోకండి. శ్రీకాకుళం కొండల్లోని సవరలది ముండా కుటుంబం. వారి చేతి మాటకు మన కయ్యుతో చుట్టరికం లేదు. అది సంతాలీ మాటకు దగ్గర.

తెలుగు ఆ పాత ‘కై’ని పూర్తిగా వదిలేయలేదు. కైవసం, కైదండ, కైకొనడం, కైమోడ్పు అన్న మాటల్లో అది అలాగే ఉంది. కావ్యాల్లో కేలు అన్నా చెయ్యే. ఇవన్నీ పుస్తకాల మాటలు. మన చెవికి రోజూ వినబడేది ఇంకొకటి ఉంది: కైకిలి. తెలంగాణలో కూలిపనికి పోవడాన్ని కైకిలి పోవడం అంటారు. చేతి కూలి అని దాన్ని విప్పుకుంటే అర్థం సరిపోతుంది. పండితుడి కావ్యంలోనూ, నాట్లు వేసే ఆడవాళ్ల నోటిలోనూ ఒకే పాత మాట మిగలడం నాకు భలే అనిపిస్తుంది. ఇక్కడొక జాగ్రత్త. ‘నీకై’, ‘దానికై’ అన్నప్పుడు వచ్చే కై చెయ్యి కాదు. అది ‘కి’ ప్రత్యయం మీద ‘అయి’ చేరి ఏర్పడినది. పిల్లలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను.

విభక్తుల్లో నిజంగా చెయ్యి ఉన్నది మూడోదానిలో. చేత, చే. ‘రాజు చేత’ అంటే మొదట రాజు చేతిలో, రాజు చేతితో అన్న అర్థమే. వాడివాడి అది అరిగిపోయి, చెయ్యి అన్న సంగతే మరచిపోయి వాడుతున్నాం. నాకు చరిత్ర పుస్తకాలు చదివేటప్పుడు ఈ చిన్న మాట దగ్గర కన్ను ఆగుతుంది. ‘గిరిజనుల చేత రోడ్డు వేయించారు’, ‘గిరిజనుల చేత కలప మోయించారు’. మన్యం చరిత్రలో మనవాళ్లు ఎక్కువగా కనిపించేది ఈ విభక్తిలోనే. వాక్యానికి కర్త ఇంకెవరో ఉంటాడు. పని మన చేతులది.

1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకు ముందు గూడెం ప్రాంతంలో జరిగింది ఈ వాక్యమే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు కొండల్లో రోడ్డు వేశారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనికి మనవాళ్లను బలవంతంగా తోలి, కూలి సరిగా ఇవ్వకుండా వేధించాడు. గాం గంటందొర, మల్లుదొర వంటివారు సీతారామరాజు వెంట నడవడానికి పెద్ద కారణాల్లో ఇది ఒకటి. ఆ వేడుకోళ్లు వినే దిక్కు లేక చివరికి ఆ చేతులే చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోయాయి. మూడో విభక్తిలో ఉన్నవాళ్లు ప్రథమా విభక్తిలోకి రావడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే నేను ఈ కథే చెబుతాను. వ్యాకరణమూ వస్తుంది, చరిత్రా వస్తుంది.

చెయ్యి చుట్టూ తెలుగువాళ్లు అల్లుకున్న నుడికారం చాలా పెద్దది. మచ్చుకు కొన్ని చెబుతాను. నేర్పు ఉన్నవాడిది చెయ్యి తిరిగిన చెయ్యి. కొడితే చెయ్యి చేసుకున్నట్టు. లంచం ఇస్తే చెయ్యి తడిపినట్టు. ఓడిపోతే చేతులెత్తేసినట్టు. ఎదిగిన కొడుకు చేతికందిన కొడుకు. గెలిచినవాడిది పైచేయి. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అనే సామెత అడవిలో ఉండేవాళ్లకు ఇంకాస్త బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మా ఇళ్లలో కుండ దించడానికి నిజంగానే ఆకులు పట్టుకునేవాళ్లు. కొలతలూ చేతివే. పిడికెడు, చేరెడు, దోసెడు, బెత్తెడు, జానెడు, మూరెడు. మూర అంటే మోచేతి నుంచి వేళ్ల కొస దాకా.

సంతలో ఈ కొలతల సంగతి వేరే. చేతివాటం అనే మాట ఉంది కదా, దాన్ని ఎక్కువగా ఎవరిమీద వాడతారో గమనించండి. ఇంట్లో పనిచేసేవాళ్లమీద, పొలంలో పాలేరుమీద. మా చిన్నప్పుడు సంతకు ఇప్పపువ్వు, చింతపండు, విప్పకాయ తీసుకుపోతే అవతలివాడి కుంచం ఒక తీరు, మనకు ఉప్పు కొలిచి పోసేటప్పుడు ఇంకో తీరు. పోసేవాడు బొటనవేలు కొలతపాత్ర లోపల పెట్టి పట్టుకునేవాడు. ఆ వేలు మందం ఉప్పు అతనికి మిగిలేది. దాన్ని ఎవరూ చేతివాటం అనలేదు, వ్యాపారం అన్నారు. ఇలాంటి మోసం తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థను విశాఖపట్నం కేంద్రంగా పెట్టారు. అది ఎంత ఉపయోగపడిందన్నది ఇంకో వ్యాసం.

హస్తవాసి, చేతబడి అనే మాటలను పక్కపక్కన పెట్టి చూడమని యువతను ప్రత్యేకంగా కోరుతున్నాను. పట్నం డాక్టరు మందిస్తే నయమైతే ఆయన హస్తవాసి మంచిదంటాం. గూడెంలో ఆకుపసరు తెలిసిన ముసలమ్మ వైద్యం చేశాక పిల్లవాడు దక్కకపోతే ఆమె చేతబడి చేసిందంటాం. రెండింటిలోనూ ఉన్నది చెయ్యే. ఒకటి సంస్కృతం హస్తం, ఇంకొకటి తెలుగు చెయ్యి. మొదటిదానికి దండం పెడతారు. రెండోదానికి ప్రాణాలు పోయాయి, ఇప్పటికీ అక్కడక్కడా పోతున్నాయి. దీన్ని బయటివాళ్లమీదకు నెట్టి చేతులు దులుపుకోలేం. ఆ నింద వేసింది మన ఊరివాళ్లే, కొట్టింది మన ఊరివాళ్లే. జ్వరాలకు దోమ కారణమని బడిలో చెప్పిన మేము ఊరి పంచాయితీలో ఆ మాట గట్టిగా అనలేకపోయాం.

సంస్కృతం హస్తం, కరం అన్నవి గౌరవం ఉన్నచోట కూర్చుంటాయి. పెద్దమనిషి చేతులమీదుగా ప్రారంభం జరిగితే ఆయన కరకమలాలు. మా అవ్వ అల్లిన వెదురు చేట ఊళ్లో ఉన్నంతసేపు చేతిపని, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో పెడితే హస్తకళ. ఆదిలాబాద్ ఓజలు పోత పోసే ఇత్తడి డోక్రా బొమ్మకూ అదే గతి. మాట మారగానే ధర మారుతుంది, ఆ తేడా అల్లిన చేతికి చేరడమే అరుదు. కరం అంటే సంస్కృతంలో చెయ్యి అనీ, పన్ను అనీ రెండు అర్థాలు. పన్ను కట్టినవాళ్లకు ఆ రెండూ దగ్గరి మాటలే.

ఇక కచేరీ చెయ్యి. ఇది పారసీది. పారసీలో చెయ్యి అంటే దస్త్. నిజాం కచేరీల నుంచీ, అంతకు ముందు నవాబుల కాలం నుంచీ ఆ చెయ్యి తెలుగులోకి వచ్చి గట్టిగా పాతుకుంది. దస్తావేజు అంటే చేత పట్టుకునే ఆధారం. దస్తకతు అంటే చేతిరాత, అంటే సంతకం. తెలంగాణలో చేతిరుమాలును దస్తీ అంటాం. రాయలసీమలో దస్తగిరి అన్న పేరు పెట్టుకునేవాళ్లు చాలామంది, చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడని దాని అర్థం. ఈ దస్తకతుకు సరితూగే తెలుగు మాట చేవ్రాలు. చే అంటే చెయ్యి, వ్రాలు అంటే రాత. సొంత చేత్తో రాసిన గుర్తు. సంతకం అనే మాట కూడా చూడండి. పాళీ భాషలో సంతక అంటే ఒకరికి చెందినది. మన పల్లెల్లో సంతకం పెట్టగలిగినవాడికే భూమి చెందుతూ వచ్చింది కాబట్టి ఆ పాత అర్థం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

ఇన్ని చేతులు కచేరీలో కూర్చుని ఉన్నాయి. వాటిలో కయ్యు లేదు. కయ్యు ఉన్నవాళ్లకు కచేరీ ఇచ్చింది వేలిముద్ర.

వేలిముద్ర కథ మొదలైంది కూడా ఒక రోడ్డు పని దగ్గరే. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే మనిషితో రోడ్డుకు కావలసిన సరుకు తోలే ఒప్పందం రాయించుకున్నాడు. సంతకం చేశాక నాది కాదంటాడేమోనన్న అనుమానంతో అతని అరచేతికి సిరా పూసి కాగితం వెనక అచ్చు వేయించాడు. ఒక్క వేలు కాదు, మొత్తం చెయ్యి. భయపెట్టడానికే అలా చేశానని ఆ అధికారే తర్వాత రాసుకున్నాడు. కోనాయ్‌కు రాయడం వచ్చు. అయినా చెయ్యి అడిగారు. తర్వాత ఆ చెయ్యి కాస్తా వేళ్లకు తగ్గింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. వాటిని వర్గాలుగా విడగొట్టే లెక్క తయారుచేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనదేశం ఉద్యోగులు కష్టపడ్డారు. ఆ పద్ధతికి పేరు మాత్రం వాళ్లపై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది నిలిచింది. మళ్లీ మూడో విభక్తే.

మన వ్యాసాల్లో బొటనవేలు అనగానే ఏకలవ్యుడి కథ వస్తుంది. నేను దాన్ని ఎక్కువ లాగను. అతనిది కుడి బొటనవేలు, ద్రోణుడు అడిగి తీసుకున్నాడు, ఇచ్చేది ఏమిటో అతనికి తెలుసు. మన తాతలది ఎడమ బొటనవేలు. తీసుకున్నదేమిటో వాళ్లకు చెప్పలేదు.

మా తాత కాగితం నా దగ్గర ఉంది. అసలు కాదు, కేసులో వచ్చిన నకలు. 1956 నాటిది. మా తాత అంతకుముందు ఒక ఏడు వానల ముందు షావుకారు దగ్గర చేబదులు తీసుకున్నాడు. చేబదులు అంటే ఏమిటో ఆలోచించండి. చేతి నుంచి చేతికి ఇచ్చుకునే బదులు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, నమ్మకం మీద నాలుగు రోజులకు ఇచ్చేది. తెలుగులో ఇంత మంచి మాట ఉంది. ఆ చేబదులు పంట నాటికి అప్పయింది, మరుసటి ఏటికి వడ్డీ అయింది, మూడో ఏటికి కాగితమైంది. 40 రూపాయలకు మూడెకరాల చెలక. కాగితం చివర మా తాత పేరు ఇంకెవరో రాశారు, పక్కన నల్లటి మచ్చ. దాని కింద ‘ఇతని ఎడమచేతి బొటనవేలి నిశాని’ అని ఉంది. సాక్షులు ఇద్దరూ సంతకాలు పెట్టినవాళ్లే. కాగితం మొత్తంలో మా తాత సొంతంగా చేసింది ఆ మచ్చ ఒక్కటే, అది కూడా ఆయన వేలు ఇంకొకరు పట్టుకుని నొక్కించింది. చెలకలో రెండు విప్పచెట్లు ఉన్నాయని మా నాయన చెప్పేవాడు. కాగితంలో వాటి ఊసు లేదు.

‘భూమి చేతులు మారింది’ అని తెలుగులో ఎంత తేలిగ్గా అంటామో! ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి అన్నది ఆ మాటలో ఉండదు. భద్రాచలం తాలూకా కూడా అలాగే చేతులు మారింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు, 1953లో ఆంధ్రకు, 1959లో ఖమ్మం జిల్లాకు, 2014లో కొన్ని మండలాలు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు. ఎప్పుడూ మనల్ని అడిగింది లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది తర్వాత తెలిసిన సంగతి. మా తాత వేలు నొక్కిన నాటికే ఆ కాగితం చెల్లదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీకీ భూముల బదలాయింపుకూ సంబంధించి ఒక చట్టం చేసింది. కొండజాతివాడు తన భూమిని కొండజాతికి చెందనివాడికి ఇవ్వాలంటే ప్రభుత్వ అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. లేకపోతే ఆ బదలాయింపు చెల్లదు. వడ్డీకి కూడా హద్దు పెట్టింది. ఆ చట్టం ఊరికే రాలేదు. 1879లో రంప ప్రాంతం భగ్గుమనడానికి కల్లు మీద పన్నుతో పాటు ఈ అప్పుల బాధ కూడా కారణం. మైదానం నుంచి వచ్చిన వర్తకులు చిన్నచిన్న అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని, ధాన్యాన్ని తోలుకుపోయేవాళ్లు. కారం తమ్మన్నదొర వెంట జనం లేచారు. ఆ రక్తం ఆరాక కూడా సర్కారుకు ఈ చట్టం చేయడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. చట్టం వచ్చి మరో 39 ఏళ్లు గడిచాక కూడా మా గూడేనికి ఆ కబురు చేరలేదు. కబురు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. మా తాతకు కోయ వచ్చు.

అప్పుకు బదులు మనిషే పనికి కుదిరే పద్ధతిని రద్దు చేస్తూ 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి ఇంకో రెగ్యులేషన్ తెచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970లో చేసిన సవరణే మనం 1/70 అని పిలిచేది. అందులో రెండు విషయాలు ప్రతి ఉపాధ్యాయుడూ నోటికి చెప్పగలగాలి. ఒకటి, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ఆదివాసీలు కానివాళ్లు ఆదివాసీల నుంచే కాదు, తమలో తాము కూడా కొనుక్కోకూడదు. రెండు, గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని చూపించే భారం అతనిదే. చేతిలో ఉండటమే హక్కు అనే పాత న్యాయాన్ని ఈ వాక్యం తిరగేసింది. దీన్ని కొట్టేయమని కోర్టులకు వెళ్లారు, 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది.

మా నాయన కేసు వేశాడు. ఏళ్లు నడిచి మాకు అనుకూలంగా ఆర్డరు వచ్చింది. ఆర్డరు చేతికొచ్చింది, చెలక చేతికి రాలేదు. అవతలివాళ్లు పైకి పోయారు. మా నాయన కాలం చేశాక ఆ దారిలో నేను నడుస్తున్నాను. ఎవరిమీదా నింద వేయడానికి రాయడం లేదు. ఇలాంటి నకలు కాగితం మీ ఇంట్లో పెట్టె అడుగున ఉంటే బయటికి తీసి చదవమని రాస్తున్నాను. చట్టాన్ని తప్పించుకోవడానికి ఆదివాసీ ఆడపిల్లను పెళ్లాడి భూమి ఆమె పేర రాసుకునేవాళ్లున్నారు, పాలేరు పేర రాసుకునేవాళ్లున్నారు. పట్టాలో పేరు మనవాళ్లదే, చెయ్యి ఇంకొకరిది. ఇలాంటి సంగతులు పిల్లల నోటనే ముందు బయటపడతాయి, వింటే.

1990ల్లో రాత్రిబడులు నడిచినప్పుడు వేలిముద్ర పోయి సంతకం రావాలని ఊరూరా చెప్పారు. నేను అప్పుడు విద్యార్థిని, లాంతరు పట్టుకుని వెళ్లేవాణ్ణి. మా అమ్మ మూడు నెలలు పలక పట్టి తన పేరు రాయడం నేర్చుకుంది. ‘వేలిముద్రగాళ్లు’ అనే తిట్టు ఇక ఉండదనుకున్నాం. ఇప్పుడు రేషన్ దుకాణంలో మిషన్ పెట్టారు. సంతకం వచ్చినా వేలే పెట్టాలి. అమ్మ బొటనవేలు పడదు. తునికాకు కోసి, కలుపు తీసి, వెదురు చీల్చి ఆ వేళ్ల గీతలు అరిగిపోయాయి. మొదటి వేలు, రెండో వేలు, కుడిచెయ్యి, ఎడమచెయ్యి. దుకాణం అతను మంచివాడే, తడిగుడ్డతో తుడవమంటాడు, మళ్లీ పెట్టమంటాడు. వెనక వరస గొణుగుతుంది. ఒకనాడు చివరికి ఉంగరం వేలు పడింది. ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుని చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. మీ తాతది ఒక్కసారికే పడింది కదరా అంది.

మన భాషల్లో పాఠాలు అనే ఆలోచన కొత్తది కాదు. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి చూడటానికి పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. నేను పొందిన శిక్షణకు తాతలాంటిది అది. ఆ తర్వాత ఎంతో కాలానికి, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో మొదటి తరగతి పుస్తకాలు తెచ్చే పని చేపట్టారు. నా చేతికి ఆ కోయ పుస్తకం వచ్చిన రోజు చెయ్యి బొమ్మ ఉన్న పేజీ కోసం వెతికాను. కొన్ని బళ్లలో అవి బీరువాల్లోనే ఉండిపోయాయి. అయినా అచ్చులో మన మాట చూసుకున్న పిల్లల ముఖాలు నేను చూశాను.

ఇప్పుడు నేను పనిచేసే బడిలో గోడమీద రెండు నిలువు గీతల చార్టు ఉంది. ఒకవైపు చెయ్యి, చెవి, చేను. ఇంకోవైపు పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన మాటలు. మధ్యలో ‘క’, ‘చ’ల లెక్క వాళ్లే కనిపెడతారు, నేను చెప్పను. అలా కనిపెట్టిన రోజు అల్లరి ఎక్కువే. దానికింద అయిదో తరగతివాళ్ల కోసం చేబదులు, చేవ్రాలు, దస్తావేజు, నిశాని అని నాలుగు మాటలు రాసి పెట్టాను. ఈ నాలుగింటికీ అర్థం తెలియకుండా మా బడి నుంచి ఎవరూ ఆరో తరగతికి పోరు. ఊళ్లో ఎవరైనా కాగితం తెస్తే పిల్లలే చదివి పెద్దవాళ్లకు కోయలో చెబుతారు. మొన్న సంఘం అప్పు కాగితంలో రాసిన వడ్డీకీ నోటితో చెప్పిన వడ్డీకీ తేడా ఉందని పట్టుకున్నది అయిదో తరగతి పిల్లే.

ఆనాడు జేబుల్లో చేతులు పెట్టుకున్న పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ట్రాక్టరు నడుపుతాడు. ఆ మధ్య సంతలో కనిపించి నమస్తే పెట్టాడు. వాడి చెయ్యి పట్టుకుని, ఆ రోజు నువ్వు చెప్పిందే పాత మాటరా, నేనే తప్పుగా దిద్దాను, దీన్ని కయ్యు అనే అనాలి అన్నాను. వాడు కాసేపు నా ముఖం చూసి నవ్వాడు.

"కయ్యు మీ ఊరి మాట సార్. మీరు అంటారు కదా అని ఆ రోజు అలా చెప్పాను. మా ఇంట్లో కై అంటాం."